సగం గడ్డం రోగి

చిరంజీవి చిట్టికి, సెలూన్ చిన్నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను కులాసా. సెలూన్‌కి మాత్రం తాళం పడింది. కారణం చట్టాలు రాసే మీ ఆఫీసే కాబట్టి నీకే రాస్తున్నాను.

ప్రథమ చికిత్స క్లాసులకి వెళ్ళి బ్యాడ్జీ తెచ్చుకున్నానని చెప్పాను కదా. మర్నాడే గడియారాలు బాగుచేసే ఆయన గడ్డం గీయించుకోడానికి వచ్చాడు. ఒక చెంప అయిపోయింది. రెండో చెంపకి నురగ పెట్టేసరికి తల వాల్చేశాడు. పిలిస్తే పలకలేదు. ఇదివరకైతే నిద్ర అనుకునేవాణ్ణి, నా కుర్చీలో కునుకు తియ్యనివాడెవడు? ఇప్పుడు చదువుకున్నవాణ్ణయ్యానాయె! నేలమీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, నాడి పట్టుకుని, అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఇంతలో ఆయన లేచి, నన్ను నాలుగు తిట్టి, అంబులెన్సు రానక్కర్లేదని తనే ఫోన్‌లో చెప్పేశాడు.

అప్పుడు గోడకి అంటించిన మీ కొత్త అత్యవసర వైద్య సేవల చట్టం కళ్ళబడింది. "సాయానికి పూనుకున్నవారు, తమతో సమానంగా గానీ తమకు మించి గానీ శిక్షణ ఉన్నవారికి అప్పగించేవరకు రోగిని విడిచి వెళ్ళరాదు" అని ఉంది. నేను ఎవరికీ అప్పగించలేదే! అందుకని ఆయన వెనకే వాళ్ళింటికి నడిచాను. ఇది అక్కణ్ణుంచే రాస్తున్నాను.

ఉంటాను,
మీ చిన్నాన్న

తా.క. రెండో చెంప అలాగే ఉంది. రోగికి కత్తి పెట్టొచ్చో లేదో క్లాసులో చెప్పలేదు.

*

చిన్నాన్నకి చిట్టి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. ఆ వాక్యం రాసింది నేనే. చట్టం మొత్తంలో మా ఆఫీసరుగారు కొట్టెయ్యకుండా వదిలిన నా వాక్యం అదొక్కటే!

నిద్ర జబ్బు కాదు చిన్నాన్నా. పైగా స్పృహలో ఉన్న మనిషి "నాకు సాయం వద్దు" అంటే నీ బాధ్యత అక్కడితో సరి. ఆయనచేత ఆ ముక్క అనిపించి, ఇంటికి వెళ్ళు. నీకు పుణ్యముంటుంది, నా మొదటి చట్టం నవ్వులపాలు కాకుండా చూడు.

నీ చిట్టి

తా.క. ముందు రెండో చెంప గియ్యి.

*

చట్టాలు రాసే మా చిట్టికి చిన్నాన్న ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. "మీ సాయం వద్దు బాబోయ్, మీకో దణ్ణం" అన్నాడు. కానీ మాట మధ్యలో ఆవులించాడు. ఆవులించేవాడి మాట నమ్మి వదిలేసి, రేపు ఏదైనా అయితే? నీ వాక్యానికి మాట రానిస్తానా!

ప్రస్తుతం ఇక్కడే మకాం. కస్టమర్లూ ఇక్కడికే వస్తున్నారు. ముందుగదిలో గడియారాల బల్ల పక్కనే కుర్చీ వేశాను. తెగిన జుట్టు గడియారాల్లో పడుతోందని రోగి ఒకటే గొణుగుడు. ఇదేమైనా జబ్బు లక్షణమా అని వాళ్ళక్కగారిని అడిగాను. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. "వాడికి పుట్టుకతో వచ్చింది లెండి" అని నవ్వింది. నాలాగే ఒంటి మనిషి. టీ చాలా బాగా పెడుతుంది.

నీ క్షేమం కోరే చిన్నాన్న

తా.క. రెండో చెంప గీశాను. ఈలోగా మొదటి చెంప పెరిగింది.

*

చిన్నాన్నకి, తల పట్టుకుని కూర్చున్న చిట్టి రాస్తున్నది.

ఇంట్లో నర్సుని పెట్టుకుని ఇన్నాళ్ళుగా ఏం చేస్తున్నావు? నీకు మించిన శిక్షణ ఉన్న మనిషి టీ కప్పుతో ఎదురుగా నిలబడితే కనపడలేదా? వెంటనే ఆవిడకి అప్పగించి బయటపడు.

ఇక్కడ కొంప మునిగేలా ఉంది. "మీ చట్టం మా ఇంట్లో కాపురం పెట్టింది" అని నీ రోగి మా ఆఫీసుకి ఫిర్యాదు పంపాడు. నా వాక్యం తీసెయ్యాల్సిందే అంటున్నారు ఆఫీసరుగారు. సోమవారం ఆయన్ని వెంటబెట్టుకుని నేనే వస్తున్నాను.

కోపంగా,
చిట్టి

తా.క. టీ గురించి రాసినచోట మాత్రం నీ అక్షరాలు ముత్యాల్లా ఎందుకున్నాయి?

*

బంగారుతల్లి చిట్టికి చిన్నాన్న కోటి దీవెనలు.

కోప్పడకు. అక్కగారికి మొదటిరోజే అప్పగించబోయాను. "డ్యూటీ దిగాక నేను నర్సుని కాను, వాడికి అక్కని" అని తప్పుకుంది. నేనూ మళ్ళీ అడగలేదు. నిజం చెబుతున్నాను, మీ చట్టం నాకు ఆరోజే బోధపడింది. ఆవిడ తలుపు తీసిన క్షణం నుంచే బోధపడనట్టు ఉన్నాను. సెలూన్ మూసి ఇంటికెళ్తే నా తలుపు నేనే తీసుకోవాలి చిట్టీ. అది అలవాటైపోయిందనుకున్నాను, కాలేదు.

నీ ఉత్తరం ఆవిడకి చూపించాను. "పిల్ల ఇరుకున పడింది, ఇకనైనా అప్పగింత తీసుకోండి" అన్నాను. ఆవిడ స్టవ్ మీద మళ్ళీ టీకి నీళ్ళు పెట్టింది. తర్వాత, "తీసుకుంటే మీరు వెళ్ళిపోతారుగా?" అంది.

ఈ వయసులో నాకింత సంతోషం రాసిపెట్టి ఉందనుకోలేదు.

రోగి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు, బావగారి మీద ఫిర్యాదు ఏం బాగుంటుందని. నీ వాక్యం జోలికి ఎవరూ రారు. సోమవారం ఆఫీసరుగారిని తప్పక తీసుకురా, రిజిస్ట్రారు దగ్గర మాకొక సాక్షి తక్కువయ్యాడు.

మీ చిన్నాన్న

తా.క. రోగిని అప్పగించేశాను. పనిలోపనిగా నన్ను కూడా అప్పగించుకున్నాను. శిక్షణలో ఆవిడ నాకు మించినదే కాబట్టి చట్టప్రకారం చెల్లుతుంది.