రెండో మాత్ర

ఫిబ్రవరి 16, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు కులాసానా అని మర్యాదకైనా అడగను, మరదలు ఫోన్ చేసి అంతా చెప్పేసింది. తనమీద ఎగిరిపడకు, నేనే గుచ్చిగుచ్చి అడిగాను. నీకు ఫోన్ చేస్తే కుర్చీలో గిరాకీ ఉన్నాడని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాసి నీ మేనకోడలి చేతికిచ్చి బస్సెక్కిస్తున్నాను. నువ్వు చదవడం పూర్తయ్యేదాకా నీ సెలూన్‌లోంచి కదలొద్దని చెప్పాను.

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని మూడు నెలలైనా కాలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన రెండు మాత్రల్లో రెండోదాన్ని నిన్నటినుంచి మానేశావట. గడ్డం గీస్తుంటే బ్లేడు తగిలి నీ వేలు తెగిందట, పావుగంటైనా రక్తం ఆగలేదట, గిరాకీ సగం గడ్డంతోనే లేచిపోయాడట. ఆ సగం గడ్డం మాటకి ముందు నవ్వొచ్చింది. తరవాత కాగితం, కలం తీసుకున్నాను.

నీ బాధ నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళలో నీ చేతిలో ఎవరికీ గాటు పడలేదు. ఇప్పుడు నీ వేలే తెగేసరికి నీకు తల కొట్టేసినట్టయింది. కానీ రక్తం ఆలస్యంగా ఆగుతోందంటే మాత్ర పనిచేస్తోందన్నమాట. రెండేళ్ళ కిందట నాకు స్టెంట్ వేసినప్పుడు నర్సమ్మ విడమరిచి చెప్పింది. రక్తనాళంలో పెట్టిన ఆ చిన్న వల గొట్టం ఒంటికి ఇంకా కొత్తదట, దాని మీద రక్తం గడ్డకడితే దారి మళ్ళీ మూసుకుపోతుందట. డాక్టర్ ఆపమనేదాకా ఒక్క పూట కూడా మానొద్దంది. వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోమంది, మధ్యమధ్యలో తీసి చూడొద్దంది. అప్పటికీ ఆగకపోతే తమకే చెప్పమంది.

ఇక్కడి కబుర్లంటావా, మీ బావగారు రోజూ పొద్దున్నే నన్ను నడకకి లాక్కెళ్తున్నారు. ఆయాసం మాత్రం నాకంటే ముందు ఆయనకే వస్తోంది. మొన్న పరీక్షలు చేసి డాక్టరమ్మ అన్నీ బాగున్నాయంది. నిన్న నేను కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి మూడంతస్తులు ఆగకుండా ఎక్కాను. నువ్వూ ఇలాగే తిరుగుతావు, నాకు నమ్మకముంది.

నిన్ను తిట్టే హక్కున్న ఒకే ఒక్క అక్క

తా.క.: నువ్వు మరదలితో అన్న మాట ఒకటి పైన రాయడానికి చెయ్యి రాలేదు. అక్క ఒక్క పూట మానకుండా వేసుకున్నా నాలుగో నెలలో స్టెంట్ మూసుకుపోయింది, ఇంక ఈ మాత్రల వల్ల ఒరిగేదేమిటి అన్నావట. నేను మానేశాను తమ్ముడూ. తెల్ల శాటిన్ గౌను కుడుతుంటే సూది గుచ్చుకుని దాని మీద రక్తం పడింది. అది పూర్తయ్యేదాకా రెండో మాత్ర ఆపుదామనుకున్నాను. తొమ్మిదో రోజున పడిపోయాను. డాక్టరు అడిగితే రోజూ వేసుకున్నానని చెప్పాను. మీ బావగారు ఇన్నాళ్ళూ ఆ ఆసుపత్రిని తిడుతూనే ఉన్నారు. ఇవాళ పొద్దున ఆయనకీ అమ్మాయికీ నిజం చెప్పేశాను. ఆయన ఇంకా నాతో మాట్లాడటం లేదు, కానీ మాత్రల వేళకి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళారు. అబద్ధమాడింది నేను. దాన్ని నమ్మి నువ్వు పోకూడదు. ఫోన్ అమ్మాయి చేతిలో ఉంది, ఇప్పుడే డాక్టరుకి చెయ్యి.