కెమెరాలో నిద్రపోయింది మా బావ కాదు

యజమాని గారికి నమస్కారాలు.

మీ గోడౌన్ గేటు దగ్గర కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతూ కెమెరాకు చిక్కిన మనిషి మా బావ కాదండీ, నేను. ఆ మధ్యాహ్నం ఆయన యూనిఫారం చొక్కా విప్పి భోజనానికి వెళ్తూ, కాసేపు గేటు చూడమన్నాడు. నేను ఊరుకుంటానా? ఆ చొక్కా తొడుక్కుని, టోపీ కళ్ళమీదికి లాక్కుని, అచ్చం ఆయనలాగే పొట్ట ఎగరేస్తూ పడుకున్నాను. మీరు నాలుగు తిడితే ఆయన్ని నెలంతా ఏడిపించవచ్చనుకున్నాను గానీ, ఉద్యోగమే ఊడుతుందనుకోలేదు.

మీరు పంపిన వీడియో చూసి మా అక్క కూడా, "ఈ నిద్ర నాకు తెలీదా! ఇంట్లోనూ ఇదే వరస" అని ఆయన్నే దులిపేసింది. నా నటనకు నేనే మురిసిపోయాను, సిగ్గులేని జన్మ.

బావ మాత్రం చూడగానే నన్ను గుర్తుపట్టాడట. మరి చెప్పలేదేమని నిన్న అడిగాను.

"చెబితే మీ అక్క నిన్ను గడప తొక్కనిస్తుందట్రా? నీకు అన్నం పెట్టే ఇల్లు ఇంకోటుందా?" అన్నాడు.

అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. దయచేసి ఆయన్ని మళ్ళీ పనిలోకి పిలవండి. నమ్మకం కుదరకపోతే నన్ను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి చూడండి.

ఈ ఉత్తరం మా అక్క చేతికే ఇచ్చి పంపుతున్నాను. ముందు తననే చదవమన్నాను.

ఇట్లు,
మీ వాచ్‌మన్ బావమరిది