ఉల్లిగడ్డ కోసినా రాని నీళ్లు

సోమవారం, రాత్రి

పొద్దున మనవరాలు పద్మ ఉల్లిగడ్డలు కోసింది. పక్కన కూర్చున్న నాకు కళ్లు ధారలు కట్టాయి. దాని కంట్లో చుక్క నీరు లేదు, కళ్లు ఎర్రగా మండుతున్నాయి అంతే.

"గిట్లెందుకైతుందే బిడ్డా?" అంటే నవ్వింది.

"ప్రెస్సుల కంప్యూటర్ చూసుకుంట రెప్ప కొట్టుడు మర్చిపోతున్ననట అమ్మమ్మా. కంట్ల తడి ఆరిందట. కరీంనగర్ డాక్టర్ చుక్కల మందిచ్చిండు, జర పని తగ్గించుమన్నడు."

"మరి తగ్గించరాదే!"

"పెండ్లి పత్రికల సీజన్ల సేటు ఊకుంటడా? నీకు అన్నిటికీ ఫికరే."

ఫికర్ లేకుండా ఎట్లా ఉంటుంది? మా ఆయన కూడా పోగు ఎక్కడ తెగుతుందోనని మగ్గం మీద రెప్ప వేయకుండా చూసేవాడు. చివరికి గొంతు వింటే తప్ప మనిషిని గుర్తుపట్టలేకపోయాడు. అదీ ఇదీ ఒకటి కాదేమో. నాకేం తెలుసు.

పొద్దుగూకినాక పద్మ పని నుంచి వచ్చి మంచం మీద కూర్చుంది. చాయ్ తీసుకుపోయి దాని ఎదురుగా నిలబడ్డాను. లైటు వెలుగుతూనే ఉంది. కళ్లు తెరిచి నా దిక్కే చూస్తూ అడిగింది.

"ఎవరూ?"

"నేనే బిడ్డా, అమ్మమ్మను," అని చాయ్ గ్లాసు దాని చేతిలో పెట్టాను.