పేరు పీకేసిన గిన్నె

అమ్మా, ఈ కార్డులో నీకొకటి చెప్పాలి, అత్త గిన్నె అడుగున నా పేరు రాసి అంటించిన టేపు పీకేశాను. మెక్సికన్ టాకో మసాలా వేసిన పాస్తా సలాడ్‌లో మొక్కజొన్న చిప్స్ పొద్దున్నే కలిపేశాను. చర్చి పచ్చికలో అందరూ తలో వంటకం తెచ్చుకునే భోజనాల వేళకి అన్నీ మెత్తబడ్డాయి. ఈ కొత్త ఊళ్లో నా పేరు మొదటిసారి దీనివల్లే తెలుస్తుందేమోనని భయమేసింది. పక్కింటి వెర్నా గారు, "చిప్స్ చివర్లో వేయాలని తెలీదు కాబోలు, పాపం" అంటూనే మళ్లీ వడ్డించుకున్నారు. గిన్నె ఖాళీ. దాన్ని అక్కడే వదిలేసి వచ్చేశాను.

చిప్స్ సంగతి ముందే చెప్పొద్దూ? నీ మోకాలు ఎలా ఉంది? తమ్ముడికి ముద్దులు.

అత్త తలుపు కొడుతోంది. "డెల్లా, వెర్నా గిన్నె తెచ్చిందే. టేపు లేకపోతే మాత్రం నా గిన్నె తనకి తెలీదా? వచ్చేవారం చిప్స్ విడిగా తెమ్మంటోంది."

కార్డు దిండు కింద దాచేస్తున్నా.