మంచు హోటల్ కోసం వేసిన రోడ్డు

ఇంజనీరు జెబ్లీ గారికి,

పన్నెండేళ్ల క్రితం మీరు మా ఇంట్లో పుదీనా టీ తాగుతూ, ఈ కొండ మీద మంచులో జారే ఆటలకు పెద్ద హోటల్ వస్తుందని చెప్పారు. నమ్మి, మా నాన్న బార్లీ చేను రోడ్డుకి ఇచ్చేశారు. రోడ్డు మా గుమ్మం దాకా వచ్చాక కంపెనీ చేతులెత్తేసింది. మీరూ మళ్లీ కనిపించలేదు. నాన్న మీ పేరెత్తితే మండిపడేవారు.

నిన్న మా వదిన ఇజ్జాకి నొప్పులొచ్చాయి, బిడ్డ అడ్డం తిరిగింది. రోడ్డు లేని రోజుల్లో మా అమ్మకీ ఇలాగే అయితే, కంచరగాడిద మీద ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. ఈసారి నలభై నిమిషాల్లో అంబులెన్స్ వచ్చేసింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల. సంతోషంలో గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే మన్నించండి.

ఈ ఉత్తరం రాయమన్నది నాన్నే.

"హోటల్ కట్టలేదని సిగ్గుపడి దాక్కున్నాడేమో పాపం," అన్నారు. "ఏడో రోజు పిల్లకి పేరు పెడుతున్నాం, గొర్రెను కోస్తున్నాం, రమ్మని రాయవే. దారి ఎవర్నీ అడగక్కర్లేదు, ఆయన వేసిందేగా."

మీ కోసం ఎదురుచూస్తూ,
మీకు ఆ రోజు టీ పోసిన అమ్మాయి