నిలబడినందుకు పంతొమ్మిది శిక్షలు

వియన్నా, ఒట్టాక్రింగ్ పేట
9 అక్టోబరు 1934, మంగళవారం

పాఠశాలల తనిఖీ అధికారి వారికి

విషయం: కూర్చోలేని పిల్లను, కూర్చోలేదన్న కారణంతో మందబుద్ధుల బడికి తోసివేయుట.

నా చెల్లెలు హెర్మీనెకు పదేళ్ళు. పోలియో వచ్చి కుడికాలికి ఇనుప కడ్డీలు కట్టారు, మోకాలు వంగదు. భిన్నాల లెక్కల్లో క్లాసుకు మొదటిది. వచ్చే సోమవారం నుంచి ఆమెను మందబుద్ధుల బడికి మారుస్తున్నట్టు నిన్న కాగితం వచ్చింది. అందుచేత మనవి చేయునది:

1. మొన్న ఫిబ్రవరిలో సర్కారు మా పేట మీద ఫిరంగులు పేల్చి సోషలిస్టు పార్టీని మూయించేదాకా, ఆమె ఇప్పుడు చదివే బడిలో పిల్లలు విడి కుర్చీలు వేసుకుని బల్లల చుట్టూ కూర్చునేవారు. దాన్ని సంస్కరణ అనేవారు. హెర్మీనె కాలు చాపుకుని కూర్చునేది, ఎవరికీ అడ్డం రాలేదు. వేసవిలో తమ ఉత్తర్వు వచ్చింది: "పిల్లలు ఒకరి ముఖమొకరు చూడరాదు, ఉపాధ్యాయుని ముఖమే చూడవలెను." కుర్చీలు పోయాయి. పాత బెంచీలు తెచ్చి నేలకు బిగించారు.

2. బిగించినది నేనే. వడ్రంగి పనివాణ్ణి, మేస్త్రీ పంపితే వెళ్ళాను. ఈ తప్పు తమమీద రుద్దను. బెంచీకీ డెస్కుకీ మధ్య ఆమె కాలు పట్టదని మొదటి రోజే తేలింది. ఇంటికొచ్చి, "బెంచీ ఊపి చూశాను అన్నయ్యా, ఇంత కూడా కదల్లేదు. పని బాగా చేశావ్" అంది. అది అర్జీలో రాయవలసిన సంగతి కాదు.

3. అప్పటినుంచి నిలబడి చదువుతోంది. నియమాల ప్రకారం క్లాసులో నిలబడుట శిక్ష. శిక్ష అయితే రిజిస్టరులో ఎక్కాలి. ఎక్కితే కారణం రాయాలి. హెడ్మాస్టరుగారు కారణం గడిలో "నిలబడినందున" అని రాశారు. నిన్నటికి పంతొమ్మిది పనిదినాలు, పంతొమ్మిది శిక్షలు. పది దాటితే దారికి రాని పిల్లట, మందబుద్ధుల బడికి పంపాలట.

4. వెళ్ళి హెడ్మాస్టరుగారిని అడిగాను.

"వెనకాల ఒక్క కుర్చీ వేయించండి సార్."

"ఒకదానికి వేస్తే రేపు క్లాసంతా కుంటుతుంది."

"కుంటమనండి, చూద్దాం."

"ఏమయ్యా, ఇది మీ పార్టీ ఆఫీసనుకున్నావా? అది మూతపడింది."

"తెలుసండీ. అక్కడ కుర్చీలుండేవి."

బయటికి పొమ్మన్నారు, పోయాను. తలుపు గట్టిగా వేసిన మాట నిజం. అద్దం పగిలిందన్నది అబద్ధం, బీటే వారింది.

5. మందబుద్ధుల బడిలో పద్నాలుగేళ్ళు వచ్చేదాకా బుట్టలల్లిస్తారు. ఆ సర్టిఫికెట్టు చూస్తే మా మేస్త్రీ కూడా గుమ్మం ఎక్కనివ్వడు. పిల్ల బతుకు సోమవారం తేలిపోతుంది.

దయ అడగడం లేదు. ఆమె కొలతకు కుర్చీ నేనే చేసి ఉంచాను, నేనే మోసుకొస్తాను. తమరు పెట్టవలసింది సంతకమొక్కటే. ఇది చిత్తగించి, బదిలీ రద్దు, కుర్చీకి అనుమతి, ఈ రెండు ముక్కలూ రాతలో ఇవ్వవలెను. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల నా చేతికి అందాలి. "పరిశీలనలో ఉన్నది" అన్న జవాబు నేను తీసుకోను.

ఇగ్నాత్స్ ష్టెఫ్లిక్, వడ్రంగి