మెట్ల కింద ఫినాయిలు

సోమవారం

ప్రియమైన బుడంకాయకి,

పెద్దమ్మ చెప్పి రాయిస్తున్నది. ముందు నేనెవరో రాయించుకుంటాను. నీకు తెలియదని కాదు, ఈ కాగితం నీ ఒక్కదాని చేతిలోనే ఉండిపోదు కాబట్టి. కాన్పుల ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆయాగా చేశాను, అందరూ నన్ను ఆయా పెద్దమ్మ అంటారు. వయసు డెబ్బై నాలుగు. ఈ మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు, ఎడమచేతి గది. ఉండేది ఇద్దరం, నేనూ నా తోడికోడలూ. ఇద్దరి మొగుళ్ళూ పోయారు, ఒకరికొకరం మిగిలాం. అంతకన్నా శిక్ష ఇంకోటి లేదు. నాకు చదువు రాదు. రాస్తున్నది కింద కొట్లో దర్జీ. తిట్టింది తిట్టినట్టే రాయమన్నాను. కొన్ని మింగేస్తున్నాడు, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఫోన్ చెయ్యకూడదా అంటావు. ఫోన్లో నీ గొంతు నాకు ఈగ రొద పెట్టినట్టుంటుంది. అయినా నాకు కావలసింది మాట కాదు, ముద్ర వేసిన కాగితం. నువ్వు పశువుల డాక్టరువి కదా, అందుకని నీకు.

సంగతి ఇదీ. మెట్ల కింద ఒక పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. రెండు వారాలకే తల్లి సరుకుల బండి కింద పడింది. కూనల దగ్గరికి ఎవరెళ్తారు? మూడో అంతస్తావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తొంగి చూసి, "అయ్యో పాపం" అని పైకెళ్ళిపోయింది. అయ్యో పాపం కడుపు నింపుతుందా? నేనే బుట్టలో వేసుకుని తెచ్చాను. ఛీ, ఏం అవతారాలే అవి! ఒకదాని కళ్ళు చీముతో అతుక్కుపోయాయి. బొచ్చు నిండా నల్లటి పురుగులు, పట్టుకోబోతే ఎగిరి దూకుతాయి. పొట్టలు ఉబ్బి, తోకల కింద పసుపుపచ్చ గడ్డలు ఎండిపోయి ఉన్నాయి. ఆ కంపు ఇప్పుడు చెబుతుంటే కూడా నోట్లోకి వస్తోంది.

ఆవుపాలు కాచి, నీళ్ళు కలిపి, మందు సీసాల గొట్టంతో పట్టాను. మూడో రోజు ఒకటి చచ్చింది. ఐదో రోజు ఇంకోటి. రోజుల బిడ్డల్ని వందలమందిని బతికించిన చేతిలో పిల్లికూనలు ఊరికే చస్తాయా? చంపిందెవరో నాకు తెలుసు. కింది వాటాలో పైపుల మేస్త్రీ ఉన్నాడు కదా, రోజూ పొద్దున్నే మెట్లన్నీ ఫినాయిలు పోసి కడుగుతాడు. ఊళ్ళో వాళ్ళ మురుగులో మోచేతుల దాకా చెయ్యి పెట్టేవాడికి పిల్లి కంపు పడదట! ఆ ఫినాయిలు నీళ్ళు కారి మెట్ల కింద చేరతాయి. కూనలు అందులోనే పొర్లాడాయి.

వాణ్ణి వాటా ఖాళీ చేయించమని ఇంటి సంఘానికి కాగితం ఇవ్వబోతున్నాను. ఫినాయిలు వల్లే చచ్చాయని నువ్వు రాసి, ముద్ర వేసి పంపు. బస్సు కండక్టరుకి చెప్పాను, ఈ ఉత్తరం సాయంత్రానికి నీకు అందుతుంది. మిగిలిన రెండింట్లో ఒకటి బూడిదరంగుది, ఒకటి మచ్చది. తొందరగా పంపు.

నీ పెద్దమ్మ
(వేలిముద్ర)

—

మంగళవారం

ప్రియమైన పెద్దమ్మకి,

నీ బుడంకాయ నమస్కరించి రాస్తున్నది. ముద్ర వెయ్యను. కోప్పడకు, ముందు విను. లేదు, నువ్వెలాగూ కోప్పడతావు, కోప్పడుతూనే విను.

ఫినాయిలు పిల్లులకి మంచిది కాదన్న మాట నిజమే. మేస్త్రీకి ఆ మాట చెప్పాల్సిందే. కానీ అది తగిలిన కూనకి నోరు పుండుపడుతుంది, చొంగ కారుతుంది, పాదాలు ఎర్రగా కాలినట్టు అవుతాయి. మిగిలిన రెండింటి నోళ్ళు తెరిచి చూసి రాయించు.

ఆవుపాలు ఇవాళే ఆపెయ్యి. పొట్టల ఉబ్బూ, విరేచనాలూ ఆ పాలవల్ల ఇంకా పెరుగుతాయి. పిల్లికూనల పాలపొడి డబ్బా, చిన్న పీక సీసా, వంటింటి తూకం కండక్టరు చేత పంపుతున్నాను. పాలు పట్టే ముందు వేలు దాని నోట్లో పెట్టి చూడు. చిగుళ్ళు చల్లగా తగిలాయంటే పాలు పట్టకు. చల్లబడ్డ కూనకి పాలు అరగవు. వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టి, ఒళ్ళు వెచ్చబడ్డాకే పట్టు. పాలు తాగాక తడి దూదితో తోక కింద మెల్లగా రాయాలి. వాటంతట అవి ఇంకా పోసుకోలేవు, తల్లి నాకితేనే వస్తుంది. కళ్ళకి గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూది చాలు, మనుషుల చుక్కలమందు వెయ్యకు. పురుగులకి దువ్వెన పట్టు. కుక్కల పొడి మాత్రం చల్లొద్దు, అది పిల్లిని చంపుతుంది. చిగుళ్ళు తెల్లగా పాలిపోతే పురుగులు రక్తం తాగేస్తున్నట్టే, అప్పుడు డాక్టరు దగ్గరికే. రోజూ ఒకే వేళకి తూచు. బరువు పెరగలేదంటే ఏదో తేడా వచ్చినట్టే, కూన ఏడవకపోయినా సరే.

ఇప్పుడు నా ప్రశ్నలు. పోయిన రెండూ పోయే ముందు ఎలా ఉన్నాయి? ముక్కులోంచి పాలు వచ్చాయా? దగ్గాయా? నువ్వు పాలు పట్టేటప్పుడు కూనని ఎలా పట్టుకుంటున్నావు? ఇది తప్పకుండా రాయించు.

నేనే వచ్చేదాన్ని, ఇక్కడ ఈ ఆసుపత్రిలో ఉన్నది నేనొక్కదాన్నే. పిన్నిని, అదే నీ తోడికోడల్ని, అడిగానని చెప్పు.

నీ
బుడంకాయ

—

గురువారం పొద్దున్న

ప్రియమైన డాక్టరమ్మకి,

ఇక నిన్ను బుడంకాయ అనను. నాకు పాలు పట్టడం నేర్పేంత పెద్దదానివయ్యావు.

నీ దూది సంబరం చేశాను. ఆసుపత్రిలో నేను తుడవని చోటు లేదు, ఎత్తని చెత్త లేదు. అయినా ఈ చీమిడి పిల్లుల తోక కింద తుడుస్తుంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నువ్వన్నట్టే ధారగా వచ్చింది, నా కొత్త చీర మీద. తోడికోడలు అక్కడే భోంచేస్తోంది. కంచం ఎత్తుకుని గుమ్మం బయట కూర్చుని, "అక్కా, నువ్వు వాటినైనా ఉంచు, నన్నైనా ఉంచు" అంది. వాటినే ఉంచుతానన్నాను. దువ్వెన పెడితే ఆ నల్ల పురుగులు సబ్బు నీళ్ళలో పడి కాళ్ళు కొట్టుకున్నాయి. దర్జీ చూసి బయటికి పరుగెత్తాడు. ఇది రాయనన్నాడు, రాయించాను.

నోళ్ళు చూశాను. పుండ్లు లేవు. చొంగ లేదు. పాదాలు గులాబీరంగులో ఉన్నాయి. అంతమాత్రాన వాడు చంపలేదని నేననుకోను.

నీ పాలపొడి మచ్చది తాగుతోంది. బూడిదది నిన్నటి నుంచి తాగడం లేదు. తూకంలో నిన్నటి కన్నా తగ్గింది. ఒంటరిగా పడుంటోంది, పిలిస్తే తల ఎత్తదు. పాలు పట్టగానే ముక్కులోంచి బుడగలు వస్తున్నాయి. ఊపిరి తీస్తే తడిబట్ట పిండినట్టు లోపల చప్పుడు. ఒక్కోసారి నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తోంది. పోయిన రెండూ అంతే, పాలు ముక్కులోంచి వచ్చి, దగ్గి దగ్గి, చివరికి నోళ్ళు తెరుచుకునే పోయాయి. అది విషం కాకపోతే ఏమిటి?

ఎలా పట్టుకుంటున్నానని అడుగుతావా! ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తల నా మోచేతి మడతలో పెట్టుకుని పడుతున్నాను. ఇంకెలా పడతారు? నీకు పట్టింది అలాగే, నీ అమ్మకి పట్టింది అలాగే, ఆ వార్డులో పుట్టిన ప్రతి తల్లిలేని బిడ్డకీ అలాగే పట్టాను. ఒక్కరూ దగ్గలేదు.

కాగితం సంఘానికి ఇచ్చేశాను. ఆదివారం కూర్చుంటారు. ఇంట్లో ఏడు వాటాల వాళ్ళు సంతకాలు పెట్టారు, అందరికీ మేస్త్రీ అంటే మంటే. తోడికోడలు ఒక్కతే పెట్టనంది. "నేను చూడనిదానికి వేలు ముంచను" అని గోడ వైపు తిరిగి పడుకుంది. రోత పుట్టించే మనిషి.

నీ పెద్దమ్మ
(వేలిముద్ర)

—

గురువారం మధ్యాహ్నం

ప్రియమైన పెద్దమ్మా,

ఇది చదివించుకుంటున్నప్పుడు నీ ఒళ్ళో కూన ఉంటే ముందు దాన్ని బోర్లా తిప్పు. తర్వాత నన్ను తిట్టు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు, అందుకే కండక్టరు తిరుగు బస్సులోనే ఇది పంపుతున్నాను.

మనిషి బిడ్డని నువ్వు పట్టుకునే పద్ధతి మనిషి బిడ్డకి సరైనదే. ఆ వార్డులో నీ చేతుల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, ఈ ఒక్క మాటకి కావాలంటే ముద్ర వేసిస్తాను. కానీ పిల్లికూన తల్లి దగ్గర బోర్లా పడుకుని, ముందు పాదాలతో తోస్తూ, తల కాస్త పైకెత్తి తాగుతుంది. వెల్లకిలా పెడితే పాలు కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఆ బుడగలూ, ఆ తడి చప్పుడూ అవే. పోయిన రెండూ అలాగే పోయాయి, పెద్దమ్మా. ఇది నీకు మెత్తగా చెప్పే దారి నాకు తోచలేదు.

బూడిదదానికి ఇక చుక్క కూడా పట్టకు. వెచ్చగా చుట్టి, బోర్లా ఉంచి, ఇప్పుడే మీ ఊళ్ళో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. రేపు కాదు. నోరు తెరుచుకుని ఊపిరి తీసే కూనకి రేపు ఉండదు. బండి ఎవరిదైతే వాళ్ళనే అడుగు.

నీ
బుడంకాయ

—

ఆదివారం

ప్రియమైన బుడంకాయకి,

ఇవాళ సంఘంలో దర్జీ చదివిన కాగితానికి నకలు ఇది. నీకు వేరే ఉత్తరం రాయించే ఓపిక లేదు. ఇందులోనే అన్నీ ఉన్నాయి.

నేను ఆయా పెద్దమ్మని. నా సంగతి మీ అందరికీ తెలుసు కాబట్టి ఊరూ పేరూ మళ్ళీ చెప్పను. పైపుల మేస్త్రీ ఫినాయిలు పోసి పిల్లికూనల్ని చంపాడని నేనిచ్చిన కాగితం అబద్ధం. తెలిసి చెప్పిన అబద్ధం కాదు, తెలుసుకోకుండా చెప్పింది. ఆ రెండు కూనల్నీ చంపింది నేను. పాలల్లో ముంచి చంపాను. మనిషి బిడ్డల్లా వెల్లకిలా వేసి, గొంతులో పోసి, దగ్గుతుంటే "మింగవే మొండిదానా" అని ఇంకా పోశాను. ఆ మాట ఇప్పుడు నా చెవిలో పురుగులా దొలుస్తోంది.

గురువారం సాయంత్రం దర్జీ ఉత్తరం చదివి ఆపాక, ఈ ఇంట్లో బండి ఉన్నది ఎవరికో ఆలోచించాను. మేస్త్రీకి. వాడి తలుపు దగ్గర నిలబడ్డాను. కొట్టడానికి చెయ్యి లేవలేదు. కూన కొంగులో గురగురలాడుతోంది. తోడికోడలు వెనకాలే వచ్చి నన్ను పక్కకి తోసి కొట్టింది.

తలుపు తీసి, "ఏం పెద్దమ్మా, సామాను సర్దుకున్నానో లేదో చూడ్డానికొచ్చావా?" అన్నాడు.

"నేనే చంపాను" అన్నాను. "ఇది మిగిలింది. బండి తియ్యి."

చూశాడు. నా మొహం కాదు, కొంగులోకి. "థూ, ఏం కంపు పెద్దమ్మా" అన్నాడు. తన పనిముట్ల సంచి నేల మీద గుమ్మరించాడు, పానాలూ పైపుముక్కలూ అన్నీ దొర్లాయి. వేడినీళ్ళ సీసా సంచిలో పెట్టి, దాని మీద తువ్వాలు పరిచి, కూనని బోర్లా పడుకోబెట్టాడు. బోర్లా అని నేను చెప్పకముందే. "లోపల నీళ్ళు చేరినదాన్ని ఎవరైనా వెల్లకిలా పెడతారా? ఏ దిక్కుకి వంపుందో నీళ్ళు అటే కదా వెళ్ళేది" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు తట్టనిది అది. నన్ను బండి వెనక కూర్చోమని, సంచి నా ఒళ్ళో పెట్టాడు. ఒక మలుపులో "గురక వినిపిస్తోందా?" అని అడిగాడు. వినిపిస్తోందన్నాను.

డాక్టరు సూది వేశాడు, ఆవిరి పట్టించాడు, చెప్పలేం అన్నాడు. శుక్రవారం అంతా చెప్పలేం అనే అన్నాడు. నిన్న బూడిదది తనంతట తాను లేచి మచ్చదాని మీదికెక్కి పడుకుంది. ఇవాళ పొద్దున తూకంలో ముల్లు ఒక గీత ఎక్కింది. బతుకుతుందని నేను చెప్పడం లేదు. నేను చెప్పినవన్నీ ఇప్పటిదాకా తప్పులే. బతికితే వాడి సంచి వల్ల.

అన్నం కలుపుకోబోతే నా చేతులు చూసి నాకే రోత పుడుతోంది. తోడికోడలు కలిపి పెడుతోంది. ముద్ద ముద్దకీ సాధిస్తోంది, అయినా పెడుతోంది.

మేస్త్రీని వాటా ఖాళీ చేయించొద్దు. నా మాట మీద సంతకాలు పెట్టిన ఏడు వాటాల వాళ్ళూ మీ సంతకాలు మీరే కొట్టేసుకోండి. మూడో అంతస్తావిడ ఇందాక, "పోనీలే పెద్దమ్మా, పిల్లికూనలే కదా, నువ్వే చంపావని నలుగురిలో ఎందుకు చెప్పుకోవడం? ఎలాగూ వాడు పోతే మెట్లు ప్రశాంతంగా ఉంటాయి" అంది. తల్లీ, నీ నోరు కడుక్కో. మేస్త్రీ మెట్ల మీద ఇక వేడినీళ్ళే పోస్తానన్నాడు. కంపు మాత్రం తనకింకా పడదట, అదీ రాయమన్నాడు.

పాలు పట్టేది ఇక నేను కాదు, తోడికోడలూ మేస్త్రీనూ. నేను పక్కన కూర్చుని చూస్తాను, తూచి చెబుతాను, తోక కింద తుడుస్తాను. అందరికీ అసహ్యమైన పని నాకే ఉంచమన్నాను.

ఇది దర్జీ నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. ఒక్క మాట కూడా మింగలేదు.

ఆయా పెద్దమ్మ వేలిముద్ర

సాక్షులు:
తోడికోడలు (వేలిముద్ర, ఇది కళ్ళారా చూసి వేసింది)
పైపుల మేస్త్రీ (సంతకం)